మాస్టారి పేరున ఒక గుప్పెడు

మాస్టారు వంగి గుప్పెడు మన్ను తీసుకున్నారు. నేను రెండడుగులు ముందుకు వేసి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"మీరు వెయ్యకండి," అన్నాను.

సమాధుల తోటలో ముందురోజు వానకి గోతి అంచు ఇంకా జారుతోంది. పెట్టె అప్పటికే కిందికి దిగింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి బైబిలు చంకలో పెట్టుకున్నారు. ఇక ఒక్కొక్కరూ గుప్పెడు మన్ను వేసి పక్కకి జరగాలి. ముందు సంఘ పెద్దలు, తర్వాత ఆడవాళ్ళు, ఆఖరున నాలాంటి బయటివాళ్ళు. వరసలో మొదటి మనిషి మాస్టారు. నిమిషం క్రితం వరకు పాట ఎత్తుకుని పాడింది కూడా ఆయనే.

"చెయ్యి వదలండి. ఇది సమాధుల తోట," అన్నారు మాస్టారు.

"తెలుసు. రోడ్డు మీదైతే ఇంత మర్యాదగా పట్టుకునేవాణ్ణి కాదు."

నా భార్య వెనకనుంచి చొక్కా లాగింది. అయ్యగారు "బాబుగారూ, బాబుగారూ" అంటున్నారు గాని దగ్గరకి రాలేదు. నేను మణికట్టు వదల్లేదు. మాస్టారు గుప్పిలి విప్పలేదు. ఆయన వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి తడి మన్ను నా చేతిమీదికి కారింది.

నాకు ఆ మనిషి మీద తొమ్మిదేళ్ళ పగ ఉంది. గోతిలో ఉన్నావిడకి ఆయన మీద ఏ పగా లేదు. వినడానికి బాగానే ఉంటుంది గాని, పక్కన బతికేవాడికి అదొక ఇబ్బంది. పడవలసిన కోపమంతా మనమే పడాల్సి వస్తుంది.

ఆవిడ మాకు రెండిళ్ళ అవతల ఉండేది. వసారాలో కుట్టుమిషను, మిషను పక్కన రేకుడబ్బా, డబ్బా మీద ఒక క్యాలెండరు. నర్సీపట్నంలో మా వీధి చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. పొడుగ్గా, కాస్త వంగి ఉండేది. కొలతల టేపు ఎప్పుడూ మెడలోనే, చర్చికి వెళ్ళినా తీయడం మరిచిపోయేది. నవ్వు వస్తే రెండు పాదాలూ మిషను తొక్కుడుపలక మీదనుంచి గాల్లోకి లేపేసేది. లేకపోతే కుట్టు వంకర పోతుందట. వీధిలో వెళుతూ మిషను చప్పుడు ఠక్కున ఆగిందంటే లోపల ఎవరో ఏదో అన్నారని, ఆవిడ కాళ్ళు రెండూ గాల్లో ఉన్నాయని అర్థం. రోజుకి చాలాసార్లు ఆగేది.

నాకంటే పదేళ్ళు పెద్ద. మా వైపు అక్కని పిలిచినట్టే అప్పా అనేవాణ్ణి. నన్ను తమ్ముడా అనేది. నేను అప్పట్లో ఒక దినపత్రికకి ఇక్కడి విలేకరిని. ఉదయం ఏడయ్యేసరికి మా గుమ్మంలో నిలబడేది.

"వందనాలు తమ్ముడా. పేపరు సదివీసినావా?"

స్తంభానికి ఆనుకుని నిలబడే చదివేది. మొదటి పేజీ తిప్పేసేది. మంత్రులతో ఆవిడకి పని లేదు. లోపలి పేజీల్లో ప్రమాదాలు, కొట్లాటలు, పట్టుబడినవాళ్ళు, పోయినవాళ్ళు. అంతా చూసి ఒకరి మీద వేలు పెట్టేది.

"ఈరోజు గుప్పెడు ఈడిది."

వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం డబ్బా చర్చికి తెచ్చి గోనెలో ఒంపుతారు. ఆ బియ్యం పొయ్యి వెలగని ఇళ్ళకి పోతుంది. అందరూ చేసేదే. ఆవిడ దీనికి సొంతంగా ఒకటి కలిపింది. ప్రతి గుప్పెడూ ఒక మనిషి పేరున వేసేది. ఎవరి మీద కోపం వచ్చిందో, ఎవరిని చూసి లోకం ఛీ అందో, ఆ మనిషి పేరున. వేసేముందు ఆ మనిషి గురించి ఒక్క మంచి మాట పైకి అనాలి. దొరక్కపోతే గుప్పిలి విప్పకూడదు. దొరికేదాకా పొయ్యి దగ్గర అలాగే నిలబడేది.

లంచం తీసుకుంటూ దొరికిన గుమాస్తా ఫొటో ఒకసారి మా పేపర్లో వచ్చింది. చాలాసేపు చూసింది.

"సొక్కా సూడు తమ్ముడా, మడత నలగనేదు. పట్టుకున్నోళ్ళు కాలర్ లాగినా నలగనేదు. ఎంత బాగా ఇస్త్రీ సేసుకున్నాడో!"

"అది మంచి మాటేనా అప్పా?"

"మరేటి? నీ సొక్కా సూసుకో ఓపాలి."

లోపలినుంచి నా భార్య నవ్వింది. ఆవిడ చేతిలో పేపరు పెట్టుకునే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది, డబ్బాలో ఆ గుమాస్తా గుప్పెడు వెయ్యడానికి.

ఇదంతా ఎందుకని ఒకసారి గట్టిగానే అడిగాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పింది. "శత్రువుని ప్రేమించమని ప్రభువు సెప్పీసి ఎల్లిపోనాడు. ఎలగో సెప్పనేదు. నాకొచ్చిన పని రెండే, కుట్టడం, వండడం. అందరికీ జాకెట్లు కుట్టలేను కదేటి?" దారం ఎక్కాక తల ఎత్తి, "అయినా తమ్ముడా, మంచి మాట దొరికినప్పుడు ఎంత కుశాలగుంటాదో నీకు తెల్దు. తప్పిపోన మేక ఇంటికొచ్చినట్టుంటాది," అంది.

ఆవిడ సంతోషానికి ఇంతకంటే పెద్ద రహస్యం నాకు కనిపించలేదు. రోజుకి రెండుసార్లు ఒక మేక ఇంటికొచ్చేది.

చర్చిలో ఆవిడకి ఇంకో పని ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. శనివారం సాయంత్రం ఆవిడే నల్లద్రాక్ష ఉడకబెట్టి వడకట్టేది. రొట్టె అంచులు తీసేసి చిన్న ముక్కలు కోసేది. జాకెట్టు గుడ్డ కత్తిరించినంత సమంగా ఉండేవవి. ప్రార్థనయ్యాక మిగిలిన ముక్కలు పెద్దలే తినాలి. లేదా ప్రహరీ వెనక గుంటలో పాతిపెట్టాలి. బాప్తిస్మం లేనివాళ్ళ చేతికి వెళ్ళకూడదు. ఈ చివరి సంగతి నాకు అప్పుడు తెలియదు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో వార్తలు రాశాను, ఆ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు.

ఒక మొదటి ఆదివారం వాన పట్టుకుంది. నేను చర్చి ఎదురుగా టీకొట్టు రేకు కింద నిలబడ్డాను. బస్సు కాంప్లెక్సులో తిరిగే ఒక పిచ్చివాడు చర్చి గేటు దగ్గర తడుస్తూ కూర్చున్నాడు. ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు వేసుకునేవాడు, డ్రైవర్లందరూ వాణ్ణి దొర అనేవారు. తెల్లగుడ్డ కప్పిన పళ్ళెంతో ఆవిడ గుంట వైపు వెళుతోంది. దొర రెండు చేతులూ చాచాడు. ఆవిడ ఆగింది. ఒక ముక్క పెట్టింది. తిన్నాడు, మళ్ళీ చాచాడు. ఇంకోటి పెట్టింది. చివరికి పళ్ళెం ఒంపేసింది. ఖాళీ పళ్ళెం బోర్లించి చూపిస్తూ "అయిపోనాది నాయనా, ఇంకేటి నేదు" అంటే, వాడు పళ్ళెం అడుగు వేలితో తట్టి చూసి నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఇద్దరూ వానలో నవ్వుతూ నిలబడ్డారు.

ముచ్చటేసింది. ఆ సాయంత్రమే పది వాక్యాలు రాసి విశాఖపట్నం పంపాను. డెస్కులో ఎవరో దానికి బోర్డరు కట్టి, "పిచ్చివాడికి ప్రభువు భోజనం" అని శీర్షిక పెట్టారు. నాకు నచ్చింది. మర్నాడు ఆవిడ మా గుమ్మంలో నిలబడి చదివి, "ఓలమ్మో, నన్ను పేపర్లో ఏసీసినావేటి! ముందు సెప్తే మంచి సీర కట్టుకుందును కదా," అంది.

ఆ కాగితం ముక్కని మాస్టారు కత్తిరించి దాచారు. తర్వాతి ఆదివారం సంఘ కమిటీలో చదివి వినిపించారు.

మాస్టారు సర్కారు బడి టీచరు, సంఘ కార్యదర్శి. సన్నగా, శుభ్రంగా, సైకిలు మీద వచ్చేవారు. కమిటీ మినిట్సు పుస్తకం ఆయన చేతిరాతే. తీర్మానం కూడా ఆయనే ప్రతిపాదించారు: పరిశుద్ధమైనదాన్ని అపవిత్రం చేసినందుకు, సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేంతవరకు, ఆవిడ ప్రభువు బల్లకి దూరంగా ఉండాలి. రొట్టె కొయ్యకూడదు. బియ్యం డబ్బా కూడా తేనక్కరలేదు.

తీర్మానం చదివాక ఆవిణ్ణి నిలబెట్టి అడిగారట. ఏమందో మా వీధి వాళ్ళే వచ్చి చెప్పారు.

"ఆకలేసినోడికి పెట్టినానండి మాస్టారూ. తప్పనిపించనేదు. రేపు అనిపిస్తే రేపే వొచ్చి సెప్పీస్తాను. మీరు బేగి ముగించండి, ఎండెక్కిపోతంది."

తొమ్మిదేళ్ళు ఆవిడకి అది తప్పనిపించలేదు. తొమ్మిదేళ్ళూ ఆదివారం తప్పకుండా వెళ్ళి చివరి బల్ల మీద కూర్చుంది. మొదటి ఆదివారం పళ్ళెం వరసలన్నీ తిరిగి ఆవిడ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. చూడ్డానికి ఒకసారి వెళ్ళాను. పళ్ళెం తిరిగిపోతుంటే ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పక్కన రొట్టె తిన్న ముసలమ్మ మొహంలోకి చూస్తోంది. ఆ ముసలమ్మ కంటే ఎక్కువ తృప్తిగా ఉంది.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎలా కూర్చుంటావప్పా ఆ మనిషి ఎదురుగా?"

"ఆయన పాట ఇన్నావా ఈరోజు? ఆ గొంతు కోసమన్నా రావాలి తమ్ముడా. పైకెత్తి దింపినప్పుడు నా ఈపు జలదరించిపోద్ది."

"నిన్ను వెలేసిన గొంతది."

"ఎలేసింది గొంతు కాదు కదా."

మాస్టారి భార్య జాకెట్లు మాత్రం ఆవిడే కుట్టేది. మాస్టారి ఇల్లాలు ముందు వసారాలోంచి కాకుండా పెరటి వైపునుంచి వచ్చి కొలత ఇచ్చి వెళ్ళేది. రొట్టె ముట్టకూడదన్న చేతులు కుట్టిన జాకెట్టు తొడుక్కుని, ఆ ఇల్లాలు మొదటి ఆదివారం మొదటి వరసలో కూర్చుని రొట్టె తీసుకునేది. ఈ మాట నేను మాస్టారితో ఏనాడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

రాసింది నేను. శిక్ష ఆవిడకి. ఎంతకాలమని నన్ను నేను తిట్టుకోను? ఆ కోపం నెమ్మదిగా మాస్టారి మీదికి మళ్ళింది. అక్కడ దానికి హాయిగా ఉంది. ఆయన గురించి వెతకడం మొదలుపెట్టాను. ఎవరికైనా ఏదో ఒకటి ఉంటుంది, వెతికితే.

దొరికింది. మాస్టారి ఉద్యోగం అప్పుడు ఏజెన్సీలో, కొండ మీద చిన్న పల్లె బడిలో. ఆయన ఒక్కరే టీచరు. పదింటికి ఆ బడిలో ఉండవలసిన మనిషి చాలా రోజులు నర్సీపట్నం వీధుల్లో సైకిలు మీద కనిపించేవారు. నేను బస్సెక్కి, బస్సు ఆగినచోటనుంచి నడిచి, నాలుగుసార్లు వెళ్ళాను. మూడుసార్లు తాళం. తాళం ఫొటో తీశాను. గడప మీద పలకలు పెట్టుకుని కూర్చున్న పిల్లల ఫొటో తీశాను. ఆ మూడు రోజులూ రిజిస్టరులో ఆయన సంతకాలున్నాయి, వాటి నకలు సంపాదించాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఏ వార్తా రాయలేదు.

పంపేముందు ఆవిడకి చదివి వినిపించాను. పొంగిపోతుందనుకున్నాను. మిషను ఆపి, పిల్లల ఫొటో చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇది ఏస్తే ఆ పిల్లలకి మాస్టారొస్తాడా?"

"వస్తాడు. ఈయన్ని తీసేసి ఇంకొకర్ని వేస్తారు."

"నా కోసమైతే ఒద్దు తమ్ముడా. ఆళ్ళ కోసమైతే ఏసీ."

"వాళ్ళ కోసమే అప్పా."

"నా మొకం సూసి సెప్పు."

మిషను చక్రం వైపు చూస్తూ, "వాళ్ళ కోసమే," అన్నాను.

జిల్లా పేజీలో పైన వేశారు. వారంలో మాస్టారు సస్పెండయ్యారు. ఆ వార్త కూడా నేనే రాశాను. కటింగు చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు, అబద్ధం ఎందుకు.

సస్పెన్షను వార్త వచ్చిన ఉదయం ఏడింటికి ఆవిడ వచ్చి, చదివి, పేరు మీద వేలు పెట్టింది. "ఈరోజు గుప్పెడు మాస్టారిది."

"మంచి మాట? మళ్ళీ ఆ గొంతేనా?"

"గొంతు ఎన్నిసార్లో అయిపోనాది. ఈరోజు నువ్వు సెప్పాలి."

"నాకేం పని?"

"నువ్వే కదా రాసినావు. సెప్పు. సెప్పేదాకా నాను ఇక్కడే కూకుంటాను, జాకెట్లు నీ పెళ్ళామే కుట్టుకుంటాది." నిజంగానే మా గడప మీద కూర్చుంది. లోపల నా భార్య, "ఏదో ఒకటి చెప్పండి, నాకు మిషను రాదు," అంది.

చాలాసేపటికి వెటకారంగా, "సైకిలు బాగా తొక్కుతాడు," అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. మిషను లేకపోయినా కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. "సాలు! అదీ మంచే. మొత్తానికి సెప్పినావు!" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. నేను తిట్టాననుకున్న మాటని తీసుకెళ్ళి డబ్బాలో వేసేసింది. ఆ రోజు నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

చర్చికి ఆ బియ్యం వద్దన్నారు కనుక శనివారం శనివారం వండి కాంప్లెక్సు దగ్గర పంచేది. దొర కనిపించినన్నాళ్ళు మొదటి ముద్ద వాడికే.

కొన్నాళ్ళకి అడిగింది. "ఆ కొండ మీద పిల్లలకి మాస్టారొచ్చినాడా?"

"వచ్చిందప్పా. ఆడమనిషి." నేను వెళ్ళలేదు. ఎవరినీ కనుక్కోనూలేదు. ఎందుకలా అన్నానో, ఆడమనిషని ఎందుకు కలిపానో నాకే తెలియదు.

"పడుసుపిల్లా?"

"ఆఁ, పాతికేళ్ళుంటాయేమో."

"రోజూ ఎల్తాదా అంత కొండ?"

"అక్కడే ఉంటుందట."

ఆవిడ మొహం వెలిగిపోయింది. అప్పటినుంచి ఆ లేని టీచరమ్మ మా వీధి మనిషైపోయింది. సెలవులకి కిందికి దిగిందా? జ్వరం గిరం రాలేదు కదా? ఒకసారి నీలంరంగు గుడ్డముక్క చూపించి, "ఈపాలి ఎల్లినప్పుడు కొలత జాకెట్టు ఒకటి పట్రా తమ్ముడా. ఆ పిల్లకి ఇది బాగుంటాది," అంది. తెస్తానన్నాను. గుడ్డ మడతపెట్టి డబ్బా వెనక దాచింది. చాలాసార్లు గుర్తుచేసింది. ఆ తర్వాత మానేసింది. మానేసిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం కాజాలు కుడుతూ, తల ఎత్తకుండా అంది:

"నీ పేరునా ఏసినాను ఓ గుప్పెడు."

"నా పేరునా? ఎప్పుడు?"

"ఎప్పుడో."

"నా మీద కోపమెందుకొచ్చిందప్పా?"

"కోపమొస్తే పోనాది కదా. ఇప్పుడెందుకు?"

"మంచి మాట ఏం చెప్పావు?"

"దొరకడానికి కాసింత టైము పట్టింది," అంది. రెండు కాళ్ళూ లేచాయి.

సస్పెన్షను తీసేశాక మాస్టారికి రోలుగుంట వైపు బడి ఇచ్చారు. అక్కడే రిటైరయ్యారు. కార్యదర్శి పదవి మాత్రం ఒక్కరోజు కూడా పోలేదు.

ఈ వానాకాలం ఆవిడకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆసుపత్రిలో ఉంచి, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. గొలుగొండ దగ్గర పల్లెనుంచి చెల్లెలు వచ్చి చూసుకుంది. బుధవారం నేను వెళితే కళ్ళు తెరిచి, "మొదటి ఆదివారం ఇంకెన్ని రోజులు తమ్ముడా?" అంది.

"నాలుగు."

"ఓహో," అంది. అంతే. తొమ్మిదేళ్ళలో ఆ రొట్టె సంగతి ఆవిడ నోటినుంచి రావడం అదే మొదటిసారి.

నేను లేచాను. బేకరీనుంచి తేనా అని అడిగాను, ఏం మాట్లాడుతున్నానో తెలియక. నవ్వబోయి దగ్గింది. "నువ్వు పెడితే తింటాను తమ్ముడా. కానీ అది ఆకలికి."

మంచాన ఉన్నవాళ్ళకి పాస్టరుగారే ఇంటికి రొట్టె, రసం తెచ్చి ఇస్తారు. అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఈ ఊరు వచ్చి ఏడాది కాలేదు. "నాకేం అభ్యంతరం లేదు బాబుగారూ. తీర్మానం ఉంది. మాస్టారు ఒక్కమాటంటే ఇప్పుడే పట్టుకొస్తాను."

మాస్టారి గుమ్మం మొదటిసారి ఎక్కాను. కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పెడదాం," అన్నారు.

"ఆవిడ ఆదివారం దాకా ఉండదు మాస్టారూ."

"అది దేవుడి చేతిలో ఉందండి."

"రొట్టె మీ చేతిలో ఉంది కదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను తీర్మానం దేన్ని బట్టి చేశానండీ? మీరు రాసినదాన్ని బట్టే కదా? అందులో ఒక్క అక్షరం నేను కలిపానా?"

లోపల గుమ్మం దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. ఎవరు కుట్టిన జాకెట్టో నాకు తెలుసు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆవిడ శనివారం ఉదయం పది గంటల ప్రాంతంలో పోయింది. మర్నాడు మొదటి ఆదివారం. ఆరాధనలో అందరూ రొట్టె తీసుకుని, ఆ తర్వాతే ఆవిణ్ణి సమాధుల తోటకి తీసుకొచ్చారు. మాస్టారు పాట ఎత్తుకున్నారు. ఆవిడ చెప్పింది నిజమే. ఆ గొంతు పైకి వెళ్ళి దిగుతుంటే నా వెన్ను జలదరించింది. అదే నేను సహించలేకపోయాను. ఆయన పాట ఆపి మన్ను కోసం వంగినప్పుడు నా చెయ్యి దానంతట అదే లేచింది.

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. "అప్ప ఉంటే మీ ఇద్దర్నీ చూసి నవ్వేసేది," అంది నా భార్య వెనకనుంచి. వదిలేశాను. మాస్టారు మన్ను గోతిలో వెయ్యలేదు. పక్కనా పారబొయ్యలేదు. గుప్పిలి అలాగే మూసుకుని వరసలోంచి తప్పుకుని, గేటు దాటి వెళ్ళిపోయారు. సైకిలు గోడకే ఉండిపోయింది.

రెండు వారాలాగి మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళాను. కనీసం ఇప్పుడైనా ఆ తీర్మానం రద్దుచేసి పుస్తకంలో ఒక వాక్యం రాయమన్నాను. ఆయన ఈసారి కుర్చీ వెయ్యలేదు. పుస్తకం తెచ్చి చూపించారు. సభ్యుల పట్టికలో ఆవిడ పేరు మీద ఎర్రసిరాతో గీత ఉంది.

"చనిపోయినవాళ్ళ పేరు కొట్టేస్తాం. సంఘంలో లేని మనిషిని సంఘం ఎలా చేర్చుకుంటుందండీ? నియమం లేదు." పుస్తకం మూసి అన్నారు. "ఆ ఆదివారం రద్దు చెయ్యాలనే అనుకున్నాను. మీరు నమ్మరు."

"నమ్మను."

"నమ్మకండి. ఒకటి అడుగుతాను. ఆ కొండ మీద బడి, నేను తప్పుచేశాను, నిజమే. వారానికి రెండు మూడు రోజులే వెళ్ళేవాణ్ణి. మీరు రాశాక ఆ రెండు మూడు రోజులూ పోయాయి. నా తర్వాత అక్కడికి ఎవరూ రాలేదని విన్నాను. మీరు మళ్ళీ వెళ్ళి చూశారా?"

ఆయన అబద్ధమే చెప్పి ఉండొచ్చు. పగ ఆయనకీ ఉంటుంది. కనుక్కోవడం కష్టం కాదు, చేసిన ఉద్యోగమే అది.

ఆవిడ చెల్లెలు రేకుడబ్బా మా ఇంట్లో ఇచ్చి వెళ్ళింది. అందులో సగం దాకా బియ్యం ఉన్నాయి. బియ్యం మీద మడతపెట్టిన నీలంరంగు గుడ్డ ఉంది, ఇంకా కత్తిరించలేదు.

తీర్మానం మినిట్సు పుస్తకంలో అలాగే ఉంది. కొండ మీదికి బస్సు రోజూ ఉదయం కాంప్లెక్సు నుంచి బయల్దేరుతుంది. నేనింకా ఎక్కలేదు.